దీప్తి పరుగు

ఈ పొద్దు ఒక పరుగుల పిల్ల సంగతి విందాం.

పేరు జీవంజి దీప్తి. మన కర్నూలుకు చాలా దూరం, వరంగల్ జిల్లా కల్లెడ. అమ్మానాన్నలు కూలికి పోయేవాళ్ళు. పుట్టినప్పుడు తల చిన్నగా ఉంది, పెదవి తేడాగా ఉంది. ఇట్లాంటి బిడ్డను చూస్తే మన ఊళ్ళలో గ్రహణం పట్టిందంటారు. గ్రహణానికీ బిడ్డ పెదవికీ ఏ సంబంధమూ లేదు. దీప్తికి బుద్ధి ఎదుగుదల కూడా నెమ్మది. కొందరు 'పిచ్చిది', 'కోతి' అని పిలిచారు. అనాథాశ్రమంలో వేయమన్నారు. తల్లిదండ్రులు వేయలేదు.

బడిలో ఆటల మాస్టరు ఆమె పరుగు చూశాడు. తర్వాత కోచ్ నాగపురి రమేష్ హైదరాబాదు పంపమన్నాడు. ఇంట్లో బస్సు ఛార్జీకి కూడా డబ్బుల్లేవు. అయినా పిల్ల పోయింది.

ఆమె పరుగు 400 మీటర్లు. అంటే పెద్ద మైదానం చుట్టూ ఒక్క చుట్టు. లోపం ఉన్నవాళ్ళకు జరిపే ఆటల్ని పారా ఆటలంటారు. 2023లో చైనాలో జరిగిన ఆసియా పారా ఆటల్లో దీప్తికి బంగారు పతకం వచ్చింది. ఇల్లు గడవక భూమి అమ్ముకున్న ఆ ఇంటివాళ్ళు, బహుమతి డబ్బుతో మళ్ళీ భూమి కొన్నారు!

2024 మేలో జపాన్‌లో 55.07 సెకండ్లలో చుట్టు ముగించింది. అమెరికా అమ్మాయి బ్రియానా క్లార్క్ ప్రపంచ రికార్డు చెరిగిపోయింది. సెప్టెంబరులో పారిస్ పారాలింపిక్స్. అక్కడ 55.82 సెకండ్లు, మూడో స్థానం, కంచు పతకం. రికార్డు కూడా అక్కడే టర్కీ అమ్మాయికి పోయింది. అప్పటికి దీప్తికి ఇంకా 21 ఏళ్ళు నిండలేదు.