మంచుమీద గ్రుడ్డు



రామన్నపేట చెలకలలో వేసవిని తిరిగినవారికి తీతువుపిట్ట క్రొత్త కాదు. పంచతంత్రములో, సముద్రము తన గ్రుడ్లను హరించెనని గరుత్మంతునిదాక మొరపెట్టుకొన్న టిట్టిభ మిదియే. గూడు కట్టదు, మొరంనేలమీద గులకరాళ్ల నడుమ గ్రుడ్లు పెట్టును. మిట్టమధ్యాహ్నము అది గ్రుడ్లమీద నిలుచుండగా చూచి, పొదుగుచున్నదని నేను చాలకాలము భ్రమపడితిని. నిజమునకది నీడ పట్టుచున్నది. కుంటకు పోయి, రొమ్ము ఈకలు తడిపికొని వచ్చి, ఆ తడితో గ్రుడ్లను చల్లబరచుటయు కలదు.

ఈ కష్టమును తలక్రిందుగా ఊహింపుడు. అంటార్కిటికా ఖండమున చక్రవర్తి పెంగ్విను అను పక్షి కలదు. పెంగ్వినులలో నిదియే పెద్దది. నిలుచున్నచో నాలుగడుగులకు కొంచెము తక్కువ. మనకు రోహిణికార్తె ఎండలు కాయుచుండగా అక్కడ చీకటి శీతకాలము. ఈ పక్షి గ్రుడ్డు పెట్టునది సరిగా ఆ రోజులలోనే.

పెట్టునది ఒక్కటే గ్రుడ్డు. పెట్ట దానిని పుంజునకు అప్పగించి, మేతకై సముద్రమునకు పోవును. ఆ అప్పగింతయే గండము. గ్రుడ్డు జారి మంచుమీద కొంతసేపుండెనా, లోని జీవము గడ్డకట్టినదే. పుంజు దానిని పాదములమీదికి ఎక్కించుకొని, పొట్టక్రింది చర్మపు మడతతో కప్పును. అటుపైన సుమారు 65 దినములు దానిని దించదు, తిండి ముట్టదు. జతకట్ట వచ్చిన నాటినుండి లెక్కించినచో ఆ ఉపవాసము నాలుగు నెలలకు చేరువ. బరువులో నూటికి 40 పాళ్లదాక కరగిపోవును.

చలి సున్నకు దిగువ 40 డిగ్రీలు, పైగా పెనుగాలి. పుంజులు వందలు, వేలుగా ఒరసికొని నిలుచును. గుంపు నడుమ వేడి ఒక్కొక్కప్పుడు 37 డిగ్రీలకు పెరుగును. లోపలివి లోపలనే ఉండిపోవు. గుంపు అంగుళమంగుళముగా కదలుచు, అంచునున్నది లోనికి, లోనున్నది అంచునకు వచ్చుచుండును. బస్సులో చోటుకై తువాలు వేయు మనకిది వింతయే.

పిల్ల బయటపడు వేళకు తల్లి రాకున్నచో, అన్నాళ్లు పస్తున్న తండ్రియే గొంతులో ఊరిన పాలవంటి పదార్థముతో కొన్ని దినములు దానిని పోషించును! తల్లి వచ్చి, అన్ని గొంతులలో తన మగని గొంతు పోల్చుకొనును.

ఈ గ్రుడ్లకై 1911 శీతకాలమున విల్సన్, బవర్స్, చెర్రీ-గారార్డ్ అను మువ్వురు బ్రిటిషువారు ఐదు వారములు ప్రాణములకు తెగించి ప్రయాణము చేసి, మూడే గ్రుడ్లు తెచ్చిరి.

ఇంతకును ఈ పిల్లలు పెరుగునది సాధారణముగా నేలమీద కాదు, గడ్డకట్టిన సముద్రముమీద. నీట తడవని ఈకలు వచ్చువరకు, అనగా డిసెంబరుదాక, ఆ మంచు నిలువవలెను. 2022లో బెల్లింగ్స్‌హౌసెన్ సముద్రమున అది ముందే విరిగినది. అక్కడ పరిశీలించిన ఐదు స్థావరములలో నాలుగింట పిల్లలు దక్కినట్లు లేదని, ఉపగ్రహచిత్రములు చూచిన శాస్త్రజ్ఞులు 2023లో ప్రకటించిరి. మంచు విరిగిననాటికి ఆ పిల్లలమీద నున్నది ఇంకను నూగే.