అద్దింటికి నోటీసు ఎప్పుడు ఇవ్వాలి?

సొంతిల్లు కొంటున్నారు, సంతోషం. మరి అద్దింటి ఓనరుకు ఖాళీ చేస్తామని ఎప్పుడు చెప్పాలి? బయానా ఇచ్చిన రోజున మాత్రం వద్దు. బ్యాంకు లోను ఆలస్యం కావచ్చు. లింకు డాక్యుమెంటు దొరక్కపోవచ్చు. రిజిస్ట్రేషన్ వాయిదా పడొచ్చు. ఈలోగా మీ గేటుకు టు-లెట్ బోర్డు వేలాడుతుంది!

ముందు అద్దె అగ్రిమెంటు తీసి చూడండి. నోటీసు గడువు నెలా, రెండు నెలలా? రిజిస్ట్రేషన్ అయ్యాక, తాళాలు చేతికొచ్చాకే నోటీసు ఇవ్వండి. అవును, కొన్నాళ్లు అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలి. బరువే. కానీ రంగులు, రిపేర్లు, గృహప్రవేశం ముహూర్తం... ఆ సమయం ఎలాగూ కావాలి. మధ్యలో ఆషాఢం వస్తే ఇంకో నెల!

మళ్లీ చెబుతున్నా, తాళాలు వచ్చాకే నోటీసు. అదీ నోటిమాటగా కాదు, తేదీ వేసి, రాసి ఇవ్వండి. అడ్వాన్సు ఎప్పుడు తిరిగిస్తారో అప్పుడే అడగండి.