పాత మోటారులు, పచ్చని దీవి

ప్రయాణములు రెండు విధములు. గమ్యమును చేరుటకు చేయునవి కొన్ని. దారిని చూచుటకు చేయునవి కొన్ని. మొదటివానికి వేగము కావలెను, రెండవవానికి తీరిక కావలెను. ఈనాడు మేము ముచ్చటింపదలచినది రెండవ తెగకు చెందిన ఒక చిత్రమైన యాత్రను గూర్చి. పాత మోటారుకారులపై మక్కువగల వారు క్లబ్బులుగా ఏర్పడి, ఇరువది ముప్పది బండ్లు కూడబెట్టుకొని, వారము పదిదినములపాటు ఐర్లండు దేశమును చుట్టివచ్చుచుందురు. ఆ యాత్ర ఎట్లు జరుగును? అందుకు ఐర్లండునే ఏల ఎన్నుకొందురు? తుప్పుపట్టవలసిన బండ్లను ఇంత శ్రమపడి రోడ్డుపై నడుపుటలో ప్రయోజన మేమి? ఈ మూడు ప్రశ్నలకును సమాధానములు వెదకుదము.

ముందుగా పాత కారు అనగా ఏదియో తెలిసికొనవలెను. ఇట్టి క్లబ్బుల అంతర్జాతీయ సమాఖ్య 1966లో ఏర్పడినది. దాని నిర్వచనము ప్రకారము బండికి ముప్పది సంవత్సరములైనను నిండియుండవలెను; పుట్టినప్పటి రూపమును, యంత్రభాగములను చెడకుండ నిలుపుకొనియుండవలెను; ప్రతిదినపు రాకపోకలకు వాడబడనిదై యుండవలెను. అనగా వయస్సొక్కటే చాలదు. ఇంజను మార్చి, చక్రములు మార్చి, పైన పాత రేకు మాత్రము కప్పిన బండికి ఆ గౌరవము దక్కదు. ఐర్లండు ప్రభుత్వమును ముప్పది ఏండ్లు నిండిన బండ్లకు రోడ్డు పన్నును మిక్కిలి తగ్గించి, వాటియెడ ఒక విధమైన ఆదరము చూపుచున్నది.

ఇక ఐర్లండు మాట. ఈ దేశమునకును మోటారు చరిత్రకును గల సంబంధము చాలమంది ఎరుగరు. చక్రమునకు గాలి నింపిన రబ్బరు టైరును తొడుగు ఆలోచన 1840ల దశకములోనే రాబర్ట్ థామ్సన్ అను నాతనికి కలిగినను, అది వాడుకలోనికి రాలేదు. బెల్‌ఫాస్టు నగరములో పశువైద్యుడుగా నుండిన జాన్ బాయిడ్ డన్‌లప్, తన కుమారుని మూడుచక్రముల సైకిలు రాళ్లబాటపై కుదుపకుండుటకై అట్టి టైరును మరల కల్పించి, 1888లో హక్కు పొందెను. మరుసటి సంవత్సరమే డబ్లినులో టైర్ల కంపెనీ వెలసినది. ఒక పసివాని సుఖముకొరకు చేసిన పని ప్రపంచమంతటను మోటారునకు దారి మెత్తన చేసినది. హెన్రీ ఫోర్డు తండ్రియగు విలియం ఫోర్డు కార్క్ జిల్లాలోని బాలినాస్కార్తీ అను పల్లె విడిచి 1847లో అమెరికాకు వలసపోయినవాడే. ఆయన కుమారుడు 1917లో కార్క్ నగరములో కర్మాగారమును స్థాపించెను. అది 1984 వరకు పనిచేసినది. జర్మనీకి వెలుపల మొట్టమొదటి ఫోక్స్‌వాగన్ బీటిల్ కారును కూర్చినది 1950లో డబ్లినునందే.

వీటన్నిటికంటె క్లబ్బులవారు భక్తితో తలచుకొనునది 1903వ సంవత్సరపు గోర్డన్ బెన్నెట్ పందెము. అంతకుముందు ఏడు బ్రిటిషు కారు గెలిచినందున, ఆ ఏటి పందెమును బ్రిటను నడుపవలసివచ్చెను. కాని 1896 నాటి చట్టము ప్రకారము అక్కడి రోడ్లపై గంటకు 14 మైళ్లకు మించి పోరాదు. అందుచేత పార్లమెంటు ప్రత్యేకముగా ఒక చట్టము చేసి, పందెమును ఐర్లండులోని కిల్డేరు ప్రాంతమునకు మార్చెను. అప్పటికి కొద్దివారముల క్రిందటనే పారిస్ - మాడ్రిడ్ పందెములో ప్రాణనష్టము జరిగి, దానిని బోర్డో నగరమువద్ద నిలిపివేసిరి. అందువలన ఇచ్చట ఊళ్ల నడుమ కారులు వేగము తగ్గించి, సైకిళ్లపై ముందుపోవు మనుష్యుల వెంట మెల్లగా సాగవలెనని కట్టడి చేసిరి. జూలై 2వ తేదీన నాలుగు దేశముల కారులు, దేశమునకు మూడు చొప్పున పన్నెండు, అథై పట్టణము చుట్టునుగల దారులలో దాదాపు 527 కిలోమీటర్లు పరుగిడినవి. బెల్జియం దేశస్థుడగు కామిల్ జెనాట్జీ జర్మనీవారి మెర్సిడెస్ కారు నడిపి గెలిచెను. పందెమునకై సిద్ధము చేసిన పెద్ద బండ్లు కర్మాగారములో అగ్నికి ఆహుతి కాగా, అంతకంటె తక్కువ బలముగల బండితోనే ఆయన ఈ జయము సాధించుట విశేషము. ఐర్లండు గౌరవార్థము బ్రిటిషువారు తమ కారులకు ఆకుపచ్చ రంగు వేసిరనియు, వారి పందెపు బండ్లకు ఆ రంగు స్థిరపడుటకు అదియే కారణమనియు పలువురు చెప్పుదురు. నేటికిని ఆ పందెపు దారిలో పాత కారులు ఏటేట నెమ్మదిగా తిరుగుచునే యున్నవి.

యాత్ర ఆరంభము సాధారణముగా రేవులో జరుగును. ఇంగ్లండు క్లబ్బులవారు వేల్సులోని హోలీహెడ్ నుండి డబ్లినుకు, ఫిష్‌గార్డు నుండి రాస్‌లేరుకు కారులతో సహా ఓడనెక్కి వత్తురు. ఫ్రాన్సునుండి షెర్బుర్గ్ మీదుగా వచ్చువారును కలరు. ఓడ దిగినది మొదలు అందరికిని ఒక దారిపుస్తకము ఇత్తురు. ప్రతి కూడలియు ఒక చిన్న గుర్తుగా గీయబడి, ముందటి కూడలినుండి ఎంత దూరమో వ్రాయబడియుండును. నడుపువానికి కన్నులు రోడ్డుపై నుండవలెను గనుక, ప్రక్కన కూర్చున్నవారు పుస్తకము చదివి చెప్పుచుందురు. ఆ ప్రక్కనున్నది తరచుగా భార్యయో, కుమార్తెయో, చిరకాల మిత్రుడో అగుటచే, దారి తప్పినప్పుడు జరుగు వాదములు సాయంకాలపు భోజనమునకు మంచి వ్యంజనములగుచుండును.

ముప్పది కారులును ఒకదాని తోక నొకటి పట్టుకొని పోవుట మంచిపద్ధతి కాదు. సన్నని దారిలో వెనుకనున్న రైతు ట్రాక్టరుకును, ఉద్యోగమునకు పోవువానికిని దాటుటకు సందు దొరకదు. కావున మూడు నాలుగు బండ్లు చొప్పున విడిపోయి, మధ్య ఎడము విడిచి పోవుదురు. అన్నిటికి చివర మరమ్మతులు తెలిసినవాడు పనిముట్లతో వచ్చును. ఆగిన బండిని విడిచి ముందుకు పోరాదనునది ఆ చివరి బండివాని ధర్మము. ఫ్యాను బెల్టు, స్పార్కు ప్లగ్గులు, కాంటాక్టు పాయింట్లు, కండెన్సరు, నీటి గొట్టములు, కొంత తీగ, కొంత చమురు - ఇవి ప్రతి బండిలోను ఉండవలసిన సామగ్రి. ఒకరి సంచిలో లేనిది మరియొకరి సంచిలో దొరకును. క్లబ్బు అనుమాటకు నిజమైన అర్థము ఇట్టి సమయముననే తెలియును.

ఐర్లండు వాతావరణము పాత బండ్లకు గొప్ప పరీక్ష. ఆ బండ్లలో విద్యుత్తును పుట్టించునది చిన్న డైనమో. వాన కురియుచుండగా ముందు దీపములును, అద్దము తుడుచు కఱ్ఱయు ఒక్కసారిగా పనిచేయవలసివచ్చినచో, బ్యాటరీ శక్తి త్వరగా తరిగిపోవును. కొండ నెక్కునప్పుడు రేడియేటరులో నీరు మరగును. గొట్టములోని పెట్రోలు ఆవిరియై ఇంజనుకు అందకపోవును. అప్పుడు చేయదగినది బండి నాపి, గొట్టముపై తడిగుడ్డ చుట్టి, చల్లారువరకు కొండలను చూచుచు కూర్చుండుటయే. దిగునప్పుడు మరియొక అపాయము కలదు. డ్రమ్ము బ్రేకులు ఎడతెగక నొక్కినచో వేడెక్కి పట్టు విడుచును. అందుచే ఏ గేరులో ఎక్కవలసియుండునో ఆ గేరులోనే దిగవలెనని పాత డ్రైవర్ల సూత్రము.

కొత్తగా వచ్చిన చిక్కు మరియొకటి. 2023 జూలై నుండి ఐర్లండులో సాధారణ పెట్రోలులో పదవవంతు వరకు ఇథనాలు కలుపుచున్నారు. కొత్త కారులకు అది హాని చేయదు. పాత కారులలోని రబ్బరు గొట్టములను, వాషర్లను మాత్రము అది క్రమముగా తినివేయగలదు. కావున యాత్రకు ముందే ఆ భాగములను ఇథనాలుకు తట్టుకొను సరకుతో మార్చుకొనుట వివేకము.

డబ్లినులో మన తెలుగువారు తలచుకొనదగిన విషయ మొకటి కలదు. తరువాతి కాలమున రాష్ట్రపతియైన వరాహగిరి వెంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రము చదువుటకు ఈ నగరమునకే వచ్చిరి. అప్పటి ఐరిషు స్వాతంత్ర్యోద్యమపు గాలి సోకి, 1916 తిరుగుబాటు జరిగిన ఏడే స్వదేశమునకు మరలవలసివచ్చెను. కార్మికుల పక్షమున ఆయన జీవితమంతయు చేసిన కృషికి బీజములు కొన్ని ఇచ్చటనే పడినవి.

డబ్లిను విడిచి నైరుతి దిక్కునకు పోవుచున్నకొలది రోడ్లు సన్నగిల్లును, కొండలు దగ్గరగును. కెర్రీ చుట్టుదారి సుమారు 179 కిలోమీటర్లు. యాత్రికుల బస్సులు దీనిని గడియారపు ముల్లుకు ఎదురుదిశలో చుట్టుట ఆచారము. పాత కారులవారు బస్సుల వెనుక చిక్కుకొనకుండ తెల్లవారుజామున బయలుదేరుదురు. డింగిల్ ద్వీపకల్పములోని కానర్ కనుమలో ఒక ప్రక్క రాతిగోడ, ఒక ప్రక్క లోయ. పెద్ద బస్సులకును లారీలకును అక్కడ ప్రవేశము లేదు. 2025 ఫిబ్రవరి నుండి ఐర్లండు పల్లెలలోని చిన్న రోడ్లపై వేగపు పరిమితి గంటకు 80 నుండి 60 కిలోమీటర్లకు తగ్గింపబడినది. పాత కారులవారికి దీనివలన నష్టమేమియు లేదు. వారి వేగము సహజముగనే అంత.

కార్క్, కెర్రీ జిల్లాల నడుమ బేరా ద్వీపకల్పములో హీలీ కనుమ అను దారి కలదు. పామువలె మెలికలు తిరిగి 334 మీటర్ల ఎత్తునకు ఎక్కును. కారు నడుపువారికి అది గొప్ప వినోదము. కాని ఆ దారి పుట్టుక వినోదమునకు కాదు. 1845లో ఉర్లగడ్డ పైరుకు తెగులు తగిలి, ఏండ్ల తరబడి సాగిన మహాక్షామములో సుమారు పదిలక్షలమంది ఐర్లండులో మరణించిరి. అంతకంటె ఎక్కువమంది ఓడలెక్కి దేశాంతరములకు పోయిరి. 1847లో ఆకలిగొన్నవారికి కూలి ఇచ్చుటకై ప్రారంభించిన పనులలో ఈ దారి యొకటి. స్వతంత్ర ఐర్లండు మొదటి గవర్నరు జనరలుగా నుండిన టిమ్ హీలీ పేరు దీనికి తరువాతి కాలమున పెట్టబడినది. దేశములో అట్టి దారులు అనేకములు. కొన్ని ఏ ఊరికిని చేరక కొండమీదనే ముగిసిపోవును. కరువుపని అనుమాట ఎరిగిన మనకు ఈ కథ కొత్తది కాదు. 1877-78 కరువులో బకింగ్‌హాం కాలువయొక్క మద్రాసు భాగమును త్రవ్విన చేతులును ఇట్టివే. మెల్లగా పోవు పాత బండిలోనివానికి ఆ రాళ్లు పేర్చిన చేతులను తలచుటకు వ్యవధి యుండును. వేగముగా పోవువానికి అది మలుపు మాత్రమే.

అచ్చటినుండి ఉత్తరముగా పోయి, టార్బర్ట్ వద్ద బల్లకట్టువంటి ఓడపై కారులను ఎక్కించి, షానన్ నదీముఖమును ఇరువది నిమిషములలో దాటి క్లేర్ జిల్లా చేరుదురు. సముద్రముపై 214 మీటర్ల ఎత్తున నిలిచిన మోహర్ కొండచరియలును, చెట్టులేక సున్నపురాతి పలకలు పరచినట్లుండు బరెన్ ప్రాంతమును చూచి, గాల్వే మీదుగా కన్నెమారా చేరుదురు. ఐరిషు భాష మాటాడు పల్లెలలో దారి పలకలపై ఊరిపేర్లు ఆ భాషలోనే యుండును. ఇంగ్లీషు పేర్లతో అచ్చువేసిన దారిపుస్తకము అచ్చట అక్కరకు రాదు. బండి ఆపి ఎవరినైన అడుగవలసినదే. అడిగినవానికి దారితోపాటు కారును గూర్చి నాలుగు ప్రశ్నలు, తన తాత నడిపిన అట్టి కారు కథయు లభించును.

తిరుగుదారిలో స్లైగో, డబ్లినుల నడుమ బాయిల్ అను చిన్నపట్టణము కలదు. మార్గరెట్ కజిన్స్ 1878లో పుట్టినది ఇచ్చటనే. ఆమె భర్తయగు జేమ్స్ కజిన్స్ మన మదనపల్లి కళాశాలలో పనిచేయుచుండగా, 1919లో రవీంద్రనాథ ఠాకూరు అచ్చటికి వచ్చి బసచేసిరి. జనగణమన గీతమునకు ఆమె స్వరములను వ్రాసిపెట్టినది అప్పుడే. మనము లేచి నిలిచి పాడు పాటకును, ఈ మారుమూల పట్టణమునకును నడుమ ఇట్టి బంధుత్వ మున్నది.

ఇక మూడవ ప్రశ్న. పొగ విడుచు పాతబండ్లను ఈ కాలమున నడుపుట న్యాయమా యని అడుగువారు కలరు. ఆ ప్రశ్న త్రోసివేయదగినది కాదు. పాత ఇంజను కొత్తదానికంటె మైలుకు ఎక్కువ మలినమును విడుచుననుట నిజమే. అయినను ఆ బండ్లు సంవత్సరములో నడచునది కొలదిమైళ్లు మాత్రమే. ఇది కొంత డబ్బున్నవారి వేడుక యను మాటయు పూర్తిగా అబద్ధము కాదు. కాని మా దృష్టిలో అసలు విలువ బండిలో లేదు, దానిని బ్రతికించు విద్యలో నున్నది. కార్బ్యురేటరును చెవితో విని సరిచేయుట, రేకును సుత్తితో మలచుట, అంగడిలో దొరకని భాగమును లేతుపై కోసి తీయుట - ఇవి పుస్తకమువలన మాత్రము రావు. పనిచేయుచున్న బండి ఉన్నంతకాలమే పనిచేయు చేతులు ఉండును. హైదరాబాదు చౌమహల్లా ప్రాసాదములోని 1912 నాటి రోల్స్ రాయిస్ వంటి కారును ప్రదర్శనశాలలో చూచి ఆనందింపవచ్చును. దాని ఇంజను చప్పుడు ఎట్టిదో అద్దము వెలుపల నిలుచున్నవానికి తెలియదు.

మన దేశమున 2021లో వచ్చిన నిబంధనలు ఏబది ఏండ్లు దాటి, పూర్వరూపము చెడని బండ్లకు ప్రత్యేకమైన నమోదును కల్పించి, ప్రదర్శనలకును ర్యాలీలకును వాటిని నడుపుకొన ననుమతించినవి. చట్టము చోటిచ్చినది. ఇక కావలసినది మరమ్మతు తెలిసిన వృద్ధులు ఉండగనే, వారి ప్రక్కన నిలిచి నేర్చుకొను యువకులు. మన పట్టణములలోని పాత షెడ్డులలో అట్టి మేస్త్రీలు ఇంకను కలరు. శ్రోతలలో ఎవరి పెరటిలోనైన తాతగారి కారు గోనెపట్టాల క్రింద నిద్రించుచున్నచో, దానిని ఇనుము తూకమునకు అమ్ముటకు ముందు ఆ మేస్త్రీనొకసారి పిలిచి చూపవలసినదిగా మా మనవి.