అమ్మకపు మాటకు ఉన్నత విద్య

తిరువూరు ప్రాంతమున వేసవి వచ్చినదని తెలియుటకు పంచాంగము చూడ నక్కరలేదు. మామిడికాయల లారీలు విజయవాడ దారి పట్టినవన్న చాలును. ఆ ప్రాంతమున, గంపలగూడెము మండలములో, వినగడప యను గ్రామము కలదు. చిరకాలము కృష్ణా జిల్లాలో నుండిన యీ గ్రామము 2022 ఏప్రిల్ 4వ తేదీన ఏర్పడిన ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినది. కొంతకాలము క్రిందట రైతుల కార్యక్రమము కొరకు మేమా యూరికి వెళ్ళియుంటిమి. రికార్డింగు ముగిసిన పిమ్మట ఒక రైతు ఇంటి అరుగుమీద కూర్చుండి మజ్జిగ త్రాగుచుండగా, ఆయన మమ్ము రెండు ప్రశ్న లడిగెను.

మొదటిది తోటను గూర్చినది. "ఏమండీ, మా చెట్టున ఉన్నంతవరకు అది మా కాయ. మార్కెట్టులో రాశి పోసిన మరుక్షణం దానికి ఊరూ లేదు, పేరూ లేదు. ఎందుకంటారు?"

రెండవది ఆయన కుమార్తెను గూర్చినది. ఆమె బి.కాం. పూర్తిచేసినది. "ఇదేదో మార్కెటింగ్ కమ్యూనికేషన్ అని రెండేళ్ళ చదువు ఉందట. గుజరాత్ పోవాలట. ఇరవై లక్షలు దాటుతుందట. ప్రకటనలు రాయడానికి ఇంత చదువా అండీ? అబద్ధం ఆడటానికి కూడా ఒక కాలేజీ ఉందా?"

వాకిట నిలుచున్న ఆ అమ్మాయి నవ్వి, "నాన్నకి మీరే చెప్పండి, సార్" అన్నది. ఆ రోజున మేము చెప్పిన సమాధానము అరకొరగా నుండెను. ఇట్టి ప్రశ్న నేడు అనేక గృహములలో వినబడుచున్నది కనుక, ఈ ప్రసంగమున దానికి కొంత నిదానముగా బదులు చెప్ప ప్రయత్నింతుము.

ముందుగా ఈ విద్య ఏమిటో చూతము. అమ్ముట వేరు, మార్కెటింగు వేరు. చేతిలో నున్న సరకును ఎట్లో ఒకట్లు వదిలించుకొనుట అమ్మకము. కొనువాని అవసరమేమో కనుగొని, దానికి తగిన సరకును తగిన ధరకు తగిన చోట నందించుట మార్కెటింగు. 1960లో జెరోమ్ మెకార్తీ యను అమెరికా ఆచార్యుడు దీనిని నాలుగు అంగములుగా విభజించెను: సరకు, ధర, చోటు, ప్రచారము. నాలుగవ అంగమైన ప్రచారమును శాస్త్రీయముగా పరిశీలించునదే మార్కెటింగు కమ్యూనికేషను. పత్రికలోని ప్రకటన, రేడియోలోని పాట, అంగడిలోని బోర్డు, పెట్టెమీది చీటీ, సెల్‌ఫోనులో వచ్చు వర్తమానము, ఫిర్యాదు చేసినవానికి కంపెనీ ఇచ్చు జవాబు: ఇవన్నియు దాని పరిధిలోనివే. ఇవన్నియు ఒకే మాట చెప్పుచున్నవా, లేక ఒకదానికొకటి పొంతన లేకుండ నున్నవా యని పరీక్షించుట ఈ విద్యలో ప్రధానమైన పని.

ఇది నిన్న మొన్న పుట్టిన యోచన కాదు. ప్రకటనకు మనస్తత్వశాస్త్రమును జోడించి వాల్టర్ డిల్ స్కాట్ 1903లోనే ఒక గ్రంథము ప్రకటించెను. మన రేడియో సంగతియే చూడుడు. వివిధభారతి 1957 అక్టోబరు 3న ప్రారంభమైనది. అందు వాణిజ్య ప్రకటనలు 1967 నవంబరులో మొదలైనవి. అయినను ప్రకటనల రంగములో పనిచేయువారు చాలకాలము పనిలో చేరియే పని నేర్చుకొనిరి. విశ్వవిద్యాలయస్థాయిలో దీనికి ప్రత్యేక విద్య యుండవలెనను భావము బలపడుటకు 1991 ఒక గుర్తుగా నిలిచినది. ఆ యేడే అమెరికాలోని నార్త్‌వెస్టరన్ విశ్వవిద్యాలయములో డాన్ షుల్జ్ మొదలగువారు సమగ్ర మార్కెటింగు కమ్యూనికేషను అను స్నాతకోత్తర విద్యను ప్రారంభించిరి. ఆ యేడే మన దేశమున అహమ్మదాబాదులో 'మైకా' అను సంస్థ వెలసినది. వినగడప రైతు కుమార్తె చెప్పిన గుజరాతు చదువు ఇదియే.

మైకాను స్థాపించిన వ్యక్తి మన తెలుగువాడే. ఆయన ఎ. జి. కృష్ణమూర్తి. 1942లో వినుకొండలో జన్మించెను. 1968లో అహమ్మదాబాదు వెళ్ళి కాలికో మిల్లులలో ఉద్యోగమున చేరెను. తరువాత శిల్పి యను ప్రకటనల సంస్థలో పనిచేసి, 1976లో రిలయన్సులో ప్రకటనల మేనేజరయ్యెను. 1980 మార్చి 25న ముద్రా కమ్యూనికేషన్సును ప్రారంభించెను. అప్పటి పెట్టుబడి ముప్పదియైదు వేల రూపాయలు, ఖాతాదారుడు ఒక్కడు, సరకు విమల్ వస్త్రములు. నాటికి ప్రకటనల వ్యాపారమనగా బొంబాయి, కలకత్తా నగరములే. వానికి దూరముగా అహమ్మదాబాదులో మొదలైన ఆ సంస్థ పదియేండ్లు తిరుగకమునుపే దేశమునందలి మొదటి వరుస సంస్థలలో నొకటి యయ్యెను. విమల్, రస్నా ప్రకటనలు ఇంటింటి మాట లైనవి. తమ వ్యాపారము పెరిగినకొలది శిక్షణ పొందిన మనుష్యులు కావలసివచ్చిరి. ఇతర సంస్థల వారిని ఎక్కువ జీతము చూపి లాగికొనవచ్చును. కృష్ణమూర్తిగారు దానితో తృప్తిపడక ఒక విద్యాలయమునే నెలకొల్పిరి. ఆయన 2016 ఫిబ్రవరి 5న కీర్తిశేషులైరి. విద్యాలయము మాత్రము కొనసాగుచున్నది.

సరి, అచ్చట రెండేండ్లు నేర్పునదేమి? దానిని వినగడప మామిడికాయతోనే చెప్పుదుము.

మొదటి పాఠము కొనువానిని తెలిసికొనుట. హైదరాబాదులో ఒక గృహిణి మామిడిపండ్లు కొనునప్పుడు దేనిని చూచును? రంగునా, వాసననా, ధరనా, అమ్మువాని ముఖమునా? ఎందరి నడుగవలెను, ఎట్లడుగవలెను, వారు చెప్పినదానికి చేయుదానికి తేడా యెంత? ఇది పరిశోధన. ఇచ్చట గణాంకశాస్త్రము కావలెను. లెక్కలకు భయపడి ఈ విద్యలో చేరుదమనుకొనువారు పొరపడుచున్నారు.

రెండవ పాఠము సరకుయొక్క ప్రత్యేకత. బంగినపల్లికి 2017లో భౌగోళిక గుర్తింపు లభించినది. చట్టము పేరును కాపాడును. ఆ పేరును తినువాని చెవిలో వేయదు. నూజివీడు చిన్నరసము రసము పీల్చువారికి ప్రాణము. కోసి ముక్కలు తినువానికి దానిని అమ్మబోయినచో కొన్నవాడును సంతోషింపడు, పండించినవాడును బాగుపడడు. ఏది ఎవరికో తేల్చుకొనుటయే బ్రాండు నిర్వహణకు పునాది.

మూడవ పాఠము వేళయు, మార్గమును. ఇందు మా తప్పు నొకదానిని చెప్పుకొనవలెను. వెనుక నొకప్పుడు మేము పండ్లను మాగబెట్టు గదులను గూర్చి ఒక చక్కని కార్యక్రమము తయారుచేసితిమి. నిపుణుడు మంచివాడు, మాట స్పష్టము, భాష సులభము. దానిని మధ్యాహ్నము రెండు గంటలకు ప్రసారము చేసితిమి. అది కోతల కాలము. వినవలసిన రైతులందరు ఆ వేళ తోటలలో నుండిరి. సందేశము బాగుగనే యుండెను, వేళ బాగుండలేదు. ఆ తరువాత ఒక్క ఉత్తరమును రాలేదు. ఏ మాట ఏ మార్గమున, ఏ వేళ, ఎన్ని పర్యాయములు చెప్పవలెనో, దానికి ఎంత వ్యయమగునో లెక్క వేయుటను మీడియా ప్రణాళిక యందురు. ఈ పాఠము మాకు ఏ కళాశాలయు చెప్పలేదు, నష్టపడి నేర్చుకొంటిమి.

నాలుగవది మాట కూర్పు. లోకులు సాధారణముగా ఈ విద్య యంతయు ఇదియే యనుకొందురు. నిజమునకు ఇది నాలుగవ మెట్టు. మొదటి మూడు మెట్లు ఎక్కినవానికి చెప్పవలసిన మాట దాదాపు దొరికియే యుండును. ఐదవది ఫలితమును కొలుచుట. ఎందరు వినిరి, ఎందరు నమ్మిరి, ఎందరు మరల కొనిరి? నేడు సెల్‌ఫోను వలన ఈ లెక్క కొంత సులభమైనది; తప్పుడు లెక్క వేయుటయు అంతే సులభమైనది.

ఇక రైతు వేసిన అసలు ప్రశ్న: ఇది అబద్ధము చెప్పు విద్యయా?

మామిడినే మరల చూతము. కాల్షియం కార్బైడుతో పండ్లను మాగబెట్టుట మన దేశమున నిషిద్ధము. దానికి బదులుగా ఎథిలీను వాయువును, పదిలక్షల భాగములకు నూరు భాగములు మించకుండ, వాడుటకు అనుమతి కలదు. ఇపుడొక వ్యాపారి పెట్టెమీద 'కార్బైడు లేదు' అని అచ్చువేసెననుకొందము. ఆ మాట నిజమైనచో, దానికొక ఋజువు చూపగలిగినచో, ఆ మాటకు ధర పలుకును. అబద్ధమైనచో ఒక్క వేసవిలో ఆ పెట్టెయే కాదు, ఆ ప్రాంతపు పేరే చెడును. కార్బైడు వాడని పొరుగు రైతు కూడ నష్టపడును. కనుక అమ్మకపు మాటలో సత్యము ధర్మమునకే కాక లాభమునకును అవసరము.

దీనికి కట్టుబాట్లును ఉన్నవి. ప్రకటనల రంగము వారు తమకు తామే ఏర్పరచుకొన్న ప్రమాణాల మండలి 1985 నుండి పనిచేయుచున్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ననుసరించి 2020లో కేంద్ర ప్రాధికార సంస్థ ఏర్పడినది. మోసపుచ్చు ప్రకటనకు ఆ సంస్థ పది లక్షల రూపాయలవరకు, తప్పు మరల చేసినచో యాబది లక్షలవరకు జరిమానా విధింపవచ్చును. ప్రకటనలో కనిపించి మెచ్చుకొన్న ప్రముఖులకు సైతము ఇది వర్తించును. ఈ చట్టము తెలియనివాడు నేడు ఈ వృత్తిలో నిలువజాలడు. అబద్ధము చెప్పుటకు చదువు అక్కరలేదు. నిజమును నమ్మునట్లు చెప్పుటకే చదువు కావలెను.

ఇంతవరకు చెప్పి ఖర్చును గూర్చి మౌనము వహించుట న్యాయము కాదు. ప్రయివేటు సంస్థలో రెండేండ్ల చదువునకు ఇరువది లక్షలు దాటుననుట నిజమే. అది ఒక మధ్యతరగతి రైతునకు భూమి నమ్ముకొనవలసినంత మొత్తము. కేంద్రప్రభుత్వము 2024 నవంబరులో ఆమోదించిన ప్రధానమంత్రి విద్యాలక్ష్మి పథకము హామీ లేని ఋణమున కవకాశము కల్పించినది గాని, అది ఎంపికైన విద్యాసంస్థలకే వర్తించును. తాము కోరు సంస్థ ఆ పట్టికలో నున్నదో లేదో ముందుగా బ్యాంకులో విచారింపవలెను. ఉద్యోగము తప్పక వచ్చునని ఎవరైన హామీ యిచ్చినచో, గత మూడేండ్లలో ఎందరు చేరిరి, ఎందరికి ఏ యుద్యోగము వచ్చినది, సగటు జీతము గాక నడిమి జీతమెంత యని అడుగవలెను. ఒక్కనికి వచ్చిన పెద్ద జీతము సగటును పైకి లాగును. నడిమి జీతము నిజము చెప్పును. విద్యార్థిని వేయు మొదటి మార్కెటింగు ప్రశ్న ఇదియే కావలెను.

వేరు మార్గములును లేకపోలేదు. 1965 ఆగస్టు 17న ఢిల్లీలో స్థాపితమైన భారతీయ జనసంచార సంస్థలో ప్రకటనలు, ప్రజాసంబంధములలో స్నాతకోత్తర డిప్లొమా కలదు. హైదరాబాదు విశ్వవిద్యాలయములో కమ్యూనికేషను ఎం.ఏ. కలదు. ఉస్మానియాలో పత్రికారచనా శాఖ 1954 నుండి నడచుచున్నది. ఇవి ప్రభుత్వ విద్యాసంస్థలు. వీనిలో ఫీజు పెద్ద ప్రయివేటు సంస్థల ఫీజుకంటె ఎంతో తక్కువ. వీనియందు మార్కెటింగు పాలు కొంత తక్కువగా నుండవచ్చును. ఆ లోటును పనిచేయుచు పూరించుకొనవచ్చును. మైకాలో ప్రవేశమునకు క్యాట్, జాట్, జీమ్యాట్ పరీక్షలలో నొకదాని మార్కులు, దానిపైన ఆ సంస్థవారి స్వంత పరీక్షయు అవసరము. ఆ స్వంత పరీక్షలో అభ్యర్థి స్వభావమును, ఊహాశక్తిని, వ్రాతను కూడ పరీక్షింతురు.

తెలుగు మాధ్యమమున చదివిన బిడ్డలకు ఒక మాట. ఈ వృత్తిలో ఆంగ్లము కావలెను, సందేహము లేదు. కాని మన జిల్లాల పల్లెలలో కొనువాడు ఆంగ్లమున బేరమాడడు. అంగడి అరుగుమీద 'ఎంతకిస్తావు' అన్న మాటలోని చనువును, 'చూద్దాంలే' అన్న మాటలోని నిరాకరణమును గ్రహింపగలవానికి, మహానగరమున పెరిగినవానికి లేని పెట్టుబడి ఒకటి చేతిలో నున్నట్లే. దానిని చిన్నచూపు చూడరాదు.

వినగడప రైతు వేసిన రెండు ప్రశ్నలు నిజమునకు ఒకే ప్రశ్న. ఆయన కాయకు పేరు లేకపోవుటకు కారణము, ఆ కాయను గూర్చి తినువానికి చెప్పవలసినవారు లేకపోవుటయే. ఆ చెప్పు నేర్పును ఆయన కుమార్తె అభ్యసింప గోరుచున్నది. అయితే ఆ చదువు ముగిసిన పిమ్మట సబ్బులకు, శీతలపానీయములకు మాత్రమే మాటలు కూర్చుచు మామిడితోటను మరచినచో, తండ్రి ప్రశ్న మిగిలియే యుండును. రైతుల ఉత్పత్తిదారుల సంఘములకు, చేనేత సహకార సంఘములకు, కొండపల్లి బొమ్మల పనివారికి ఈ విద్య తెలిసినవారు నేడెంతో అవసరము. అచ్చట జీతము కొంత తక్కువ కావచ్చును. పని మాత్రము కొండంత.

ఇటీవల ఆ రైతునుండి ఒక ఉత్తరము వచ్చినది. ఆ అమ్మాయి అహమ్మదాబాదు పరీక్షకును, ప్రభుత్వ విద్యాలయముల ప్రవేశపరీక్షకును కూడ చదువుచున్నదట. ఎందు సీటు వచ్చినను భూమి మాత్రము అమ్మరాదని తండ్రికూతుండ్రు నిశ్చయించుకొన్నారట. ఈ సంవత్సరము వారి తోటనుండి పోవు పెట్టెలలో కొన్నింటిపై తోట పేరు, ఊరు పేరు, కోసిన తేదీ వ్రాసి పంపుదురట. ఏమి జరుగునో చూచి తెలుపుదుమని వ్రాసినారు.

ఇంట గెలిచి రచ్చ గెలువుమన్నారు పెద్దలు. ఆ అమ్మాయి మొదటి పాఠము ఇంటనే ప్రారంభించినది. ఆ పెట్టెలు అందుకొన్నవారు ఏమందురో వినుటకు ఆ తండ్రికూతుండ్రతో పాటు మేమును ఎదురుచూచుచున్నాము.