కూలి నుండి వాటాకు: మధ్యధరా తీరదేశముల అనుభవము

దానము చేయువారికి లోకములో గౌరవమున్నది. దానము పుచ్చుకొనువారిపై లోకమునకు జాలి ఉన్నది. ఈ రెంటికి నడుమ మూడవ స్థానము ఒకటి కలదు. అది వాటాదారుని స్థానము. అతడు ఎవరి ముందును చేయి చాపడు. పని చేయును, లెక్క చూచును, సభలో చేయి ఎత్తి తన మాట చెప్పును. పేదవానిని ఈ మూడవ స్థానమునకు తెచ్చుట సాధ్యమా అనునది నేటి మా ప్రసంగ విషయము. దీనికి మేము మధ్యధరా సముద్రము చుట్టునున్న దేశములను ఉదాహరణముగా తీసికొంటిమి.

ఆ సముద్రమునకు ఉత్తరమున స్పెయిను, ఫ్రాన్సు, ఇటలీ, గ్రీసు దేశములు; దక్షిణమున మొరాకో, అల్జీరియా, ట్యునీషియా, ఈజిప్టు; తూర్పున టర్కీ, సిరియా, లెబనాన్ మొదలగునవి ఉన్నవి. భాషలు వేరు, మతములు వేరు, ఐశ్వర్యములో అంతరము పెద్దది. కాని రెండు వైపులను ఒక బాధ సమానముగా కనబడుచున్నది. చదువుకొన్న యువకులకు పని చాలదు. పని ఉన్నవారికి ఆ పనిపై అధికారము లేదు. ఈ బాధకు విరుగుడుగా ఆ దేశములలో కొందరు అనుసరించుచున్న మార్గమునకు సంఘీభావ ఆర్థిక వ్యవస్థ అని పేరు.

పేరు పెద్దది, సంగతి చిన్నది. సహకార సంఘములు, పరస్పర సహాయ నిధులు, ప్రజాసేవా సంఘములు దీని క్రిందికి వచ్చును. వీని లక్షణములు మూడు. పెట్టుబడి ఎంత పెట్టినను మనిషికి ఒక్కటే ఓటు. మిగులు వచ్చినచో అది ముందుగా పనికిని, సభ్యులకును, ఊరికిని చెందును. లాభము కొరకు అవసరమును వెదకుట కాక, అవసరము కొరకు వ్యాపారము చేయుట. సంఘీభావమను మాటను మేము కూడ చాలకాలము సభలలో వినబడు అలంకారముగనే ఎంచితిమి. కొన్ని ఊళ్ళ చరిత్ర చదివిన పిమ్మట ఆ అభిప్రాయము మారినది.

మొదటి ఊరు ఇటలీలోని ట్రియెస్టె. అక్కడి మానసిక చికిత్సాలయమునకు 1971లో ఫ్రాంకో బసాల్యా అను వైద్యుడు అధిపతిగా వచ్చినాడు. అప్పుడు లోపల సుమారు పన్నెండు వందల మంది రోగులుండిరి. 1904 నాటి చట్టము క్రింద అట్టి ఆలయములలో చేర్చబడినవారు పౌరహక్కులను కోల్పోవుచుండిరి. వారిచేత ఊడ్పించుట, వంటకు సాయము చేయించుట, బట్టలు ఉతికించుట జరుగుచుండెను. దానికి చికిత్స అని పేరు పెట్టినందున కూలి ఈయవలసిన అక్కర లేకపోయెను. చేతిలో పడునది నామమాత్రము. పని మేలు చేయునదైనచో దానికి కూలి ఏల ఈయరాదని బసాల్యాయు, ఆయన సహచరులును ప్రశ్నించిరి. 1972లో రోగులే సభ్యులుగా ఒక కార్మిక సహకార సంఘము ఏర్పడినది. అదే ఊడ్పు, అదే శుభ్రపు పని. కాని ఇప్పుడు ఒడంబడిక ఉన్నది, వేతనమున్నది, సంఘ సభ ఉన్నది.

ఆ ఆలయములో బట్టల మూటల బండి లాగు ముసలి గుర్రము ఒకటి ఉండెను. దాని పేరు మార్కో. దానిని కసాయికి అమ్మక విశ్రాంతి నీయవలసినదని 1972లోనే రోగులు అధికారులకు ఉత్తరము వ్రాసిరి. మరుసటి ఏడు కళాకారులతో కలిసి కొయ్యతోను కాగితపు గుజ్జుతోను పెద్ద నీలి గుర్రమును చేసి దానికి ఆ పేరే పెట్టిరి. దానిని ఊరిలోనికి తీసికొనిపోవలెనన్నచో ద్వారము చాలలేదు. ద్వారమును పగులగొట్టి బయటికి తెచ్చిరి; వెనుక రోగులు నడిచి వచ్చిరి. 1978లో అట్టి ఆలయములను మూయవలెనను చట్టము ఇటలీలో వచ్చినది. అయితే తలుపు తెరచుట ఒకటి, బయటికి వచ్చినవానికి బ్రతుకుదెరువు చూపుట వేరొకటి. ఆ రెండవ పనిలో సహకార సంఘము తోడ్పడినది. 1991లో ఇటలీ ప్రభుత్వము సామాజిక సహకార సంఘముల చట్టము చేసినది. దాని ప్రకారము ఇవి రెండు తెగలు. ఒక తెగ వైద్యము, విద్య, వృద్ధుల పోషణ వంటి సేవలు చేయును. రెండవ తెగ పని దొరకనివారికి పని కల్పించును. అందులో పనిచేయువారిలో నూటికి ముప్పదిమందికి తక్కువ కాకుండ వికలాంగులో, మానసిక రోగులో, శిక్షాకాలమును చెరసాల వెలుపల గడుపుటకు అనుమతి పొందినవారో ఉండవలెను. నేడు ఇటలీలో ఇట్టి సంఘములు వేల సంఖ్యలో ఉన్నవి.

రెండవ తావు అదే దేశపు దక్షిణకొననున్న సిసిలీ ద్వీపము. అక్కడ మాఫియా అను దౌర్జన్యపు ముఠా తరతరములుగా భూమిని, నీటిని, వ్యాపారమును చేజిక్కించుకొన్నది. 1948లో కొర్లెయోనె పట్టణమున ప్లాచిదో రిజ్జోత్తో అను కార్మిక నాయకుడు బీడు భూములు రైతులకు దక్కవలెనని పోరాడి ఆ ముఠా చేతిలో హతుడైనాడు. మాఫియా ఆస్తిని జప్తు చేయవలెనను చట్టమునకు పట్టుబట్టిన పార్లమెంటు సభ్యుడు పియో లా తోర్రెను 1982 ఏప్రిల్ 30న కాల్చి చంపిరి. ఆ ఏడు సెప్టెంబరులోనే ఆ చట్టము వచ్చినది. కాని జప్తయిన భూమి ఎవరికిని పనికిరాక పడియుండెను. లూయిజి చియొత్తి అను మతాచార్యుడు 1995లో స్థాపించిన లిబెరా సంస్థ పది లక్షలకు పైగా సంతకములు సేకరించగా, ఆ ఆస్తిని ప్రజోపయోగమునకు ఈయవలెనని 1996లో మరియొక చట్టమైనది.

ఇప్పుడు జప్తయిన పొలము మునిసిపాలిటీకి చెందును. మునిసిపాలిటీ దానిని సహకార సంఘమునకు అద్దె లేకుండ సాగునకిచ్చును. 2001లో ఏర్పడిన అట్టి సంఘమొకటి రిజ్జోత్తో పేరు పెట్టుకొన్నది. ఆ పొలములలో గోధుమ, ద్రాక్ష పండుచున్నవి. పిండివంటలును, ద్రాక్షరసమును, ఒలీవ నూనెయు దేశమంతట అమ్ముడగుచున్నవి. ఇట్టి సంఘముల పంటలకు నిప్పు పెట్టిన సందర్భములును ఉన్నవి. కాలిన చోటనే తిరిగి నాటినారు. రిజ్జోత్తో ఎముకలను గుర్తించి ప్రభుత్వ లాంఛనములతో అంత్యక్రియలు జరిపినది 2012లో. అప్పటికి ఆయన ఆశయమునకు కార్యరూపము వచ్చి పదేండ్లు దాటినది.

సముద్రము దాటి ట్యునీషియాకు పోవుదము. దక్షిణమున కెబిలి ప్రాంతములో జెమ్నా అను ఒయాసిస్ గ్రామమున్నది. ఫ్రెంచి పాలనలో ఆ ఊరివారి ఖర్జూరపు భూములను వలస కంపెనీ తీసికొన్నది. స్వాతంత్ర్యము వచ్చిన తరువాత భూమి తిరిగి తమకు వచ్చునని వారనుకొనిరి, అది ప్రభుత్వపరమైనది. కొంతకాలము ప్రభుత్వ సంస్థ నడిపినది. 2002లో ప్రైవేటు వ్యక్తులకు కౌలుకిచ్చినారు. 2011 జనవరిలో దేశములో విప్లవము రాగా ఊరివారు తోటలోనికి నడిచి, ఒక సంఘము పెట్టి దానిని తామే నడుపసాగిరి. తోటను చెట్టుచెట్టున పంచుకొనలేదు. ఇది గమనింపదగిన సంగతి. ఖర్జూరము అమ్మి వచ్చిన మిగులుతో బడికి గదులు కట్టినారు, అంగడికి కప్పు వేసినారు, రోగుల కొరకు అంబులెన్సు కొన్నారు.

అయితే సిసిలీ రైతుకు తోడున్నట్లు జెమ్నా రైతుకు చట్టము తోడు లేకపోయెను. భూమి ప్రభుత్వానిది, పంట అమ్ముటకు మీకు హక్కేమని 2016లో ప్రభుత్వము ఆక్షేపించినది. సంఘపు బ్యాంకు ఖాతా స్తంభించినది. సంఘీభావ ఆర్థిక వ్యవస్థకు ప్రత్యేక చట్టము కావలెనను చర్చలలో ఈ ఊరి పేరు పలుమారులు వినబడినది. 2020లో ట్యునీషియా ఆ చట్టము చేసినది. కాని చట్టము వేరు, దానిని నడిపించు ఉత్తరువులు వేరు. రెండవవి వెంటనే రాలేదు. ఒక తీరమున చట్టము పొలమును వెదకికొని వచ్చినది. మరియొక తీరమున పొలము చట్టము కొరకు కాచుకొని యుండవలసి వచ్చినది.

ఇక మొరాకో. ఆ దేశపు నైరుతి భాగములో ఆర్గాన్ అను ముండ్లచెట్టు పెరుగును. దాని కాయ టెంక మిక్కిలి గట్టిది. స్త్రీలు నేలపై కూర్చుండి, రాతిపై పెట్టి మరియొక రాతితో కొట్టి లోని పప్పు తీయుదురు. ఒక లీటరు నూనెకు సుమారు 30 కిలోల కాయలు కావలెనని చెప్పుదురు. ఈ విద్య తల్లి నుండి కూతురికి వచ్చునది. నూనె మాత్రము దళారి చేతికి, అతడు చెప్పిన ధరకు పోవుచుండెను. రబాత్ విశ్వవిద్యాలయములో రసాయనశాస్త్రము బోధించు జుబీదా షర్రూఫ్ 1996లో తమనార్ అను చోట స్త్రీల సహకార సంఘము పెట్టించినది. దాని పేరు అమల్. అరబ్బీ భాషలో ఆశ అని అర్థము. మొదట చేరినవారు వితంతువులు, భర్త విడిచినవారు. ఇల్లు దాటి కూలికి పోవుటయే తప్పుగా ఎంచు ఊళ్ళలో ఇతరులు జంకిరి. ఆ మార్గమున పెక్కు సంఘములు పుట్టినవి. చాల సంఘములలో పనితో పాటు చదువు కూడ నేర్పుచున్నారు. సంతకము పెట్టుట నేర్చిన స్త్రీ లెక్కల పుస్తకమును తెరచి చూడగలదు.

ఇక్కడ ఒక హెచ్చరిక కూడ చెప్పక తప్పదు. ఆర్గాన్ నూనె ఐరోపాలో సౌందర్య సాధనములకు పేరెక్కినకొలది పెద్ద వ్యాపారులు రంగములోనికి దిగినారు. కాయల ధర పెరిగినది. సంఘములకు అవి దొరకుట కష్టమైనది. సహకార సంఘమని పలక తగిలించి, లోపల స్త్రీలను కూలివారిగనే ఉంచు అంగళ్ళును బయలుదేరినవి. టెంక కొట్టు చేయి అదే, రాయి అదే, చప్పుడు అదే. బాటసారికి భేదము తెలియదు. భేదమంతయు లెక్కల పుస్తకము ఎవరి యొద్ద ఉన్నదను దానిలో ఉన్నది.

లాభములో వాటా అడుగుట సులభము. నష్టములో మాట యేమి? దీనికి స్పెయిను ఉత్తరభాగమునందలి మోంద్రగోన్ సహకార సంఘములు జవాబు చెప్పినవి. హోసె మరియా అరిజ్‌మెందియర్రియెతా అను మతాచార్యుని ప్రేరణతో అయిదుగురు యువకులు 1956లో ప్రారంభించిన కర్మాగారము ఫాగోర్ అను పేరున గృహోపకరణములకు ప్రసిద్ధి చెందినది. 2013లో అది దివాలా తీసినది. సహకారమను పేరు దానిని కాపాడలేదు. అయినను పనిచేయు సభ్యులను వీధిలో విడువలేదు. చాలమందికి తోటి సంఘములు తమలో చోటిచ్చినవి. ఒకరి నష్టమును పదుగురు మోయుటకు ముందే ఏర్పాటు ఉండవలెనని ఆ సంఘటన నేర్పినది.

ప్రభుత్వములును ఈ మార్గమును గుర్తించుచున్నవి. స్పెయిను 2011లో, ఫ్రాన్సు 2014లో, గ్రీసు 2016లో ఇందుకు చట్టములు చేసినవి. ఐక్యరాజ్య సమితి మహాసభ 2023 ఏప్రిల్ 18న దీనిని ప్రోత్సహింపవలెనని తీర్మానించినది. ఇవి సంతోషింపదగినవే. అయితే తీరమునకు తీరము ఈయగలిగినది తీర్మానములు మాత్రమే కాదు. ఉత్తరపు కొనుగోలుదారుల సంఘములు దక్షిణపు ఉత్పత్తిదారుల సంఘముల నుండి నేరుగా సరుకు కొనినచో దళారి పాలు తగ్గును. సిసిలీ చట్టమును జెమ్నావారును, జెమ్నా తోట లెక్కను సిసిలీవారును చదివినచో ఇరువురికిని లాభమే.

ఈ విషయము మనకు క్రొత్త కాదు. మోంద్రగోన్ మొదలైన ఆ 1956లోనే తెలంగాణలోని ముల్కనూరులో రైతుల సహకార బ్యాంకు పుట్టినది. ప్రభుత్వపు పెత్తనము లేకుండ సంఘములు తమ పని తాము చూచుకొనుటకు ఆంధ్రప్రదేశ్ 1995లో పరస్పర సహాయ సహకార సంఘముల చట్టము చేసినది. పొదుపు సంఘము లేని ఊరు మన రెండు రాష్ట్రములలో అరుదు. కనుక తమనార్ స్త్రీల కథ విన్నప్పుడు మన గృహిణులకు అది పరాయి కథగా తోపదని మా నమ్మకము.

పొదుపు పుస్తకము ప్రతి ఇంటను ఉన్నది. దానిలోని అంకెలను సభ్యురాలు తానే చదువుచున్నదా, మరియొకరు చదివి చెప్పగా తల ఊపుచున్నదా? తీర్మానము క్రింద వ్రేలిముద్ర వేయుటకు ముందు ఆ తీర్మానమును ఆమెకు వినిపించినారా? ట్రియెస్టె రోగులు, సిసిలీ రైతులు, మొరాకో స్త్రీలు కోరినది ఎక్కువ కూలి మాత్రమే కాదు. తమ పనిపై తమకు మాట చెల్లవలెనని కోరిరి. ఈసారి మీ ఊరి సంఘము సమావేశమైనపుడు లెక్కల పుస్తకము అడిగి చూడుడు. అడుగుట తప్పు కాదు. అది వాటాదారుని మొదటి పని.