తపాలా ఖర్చు న్యాయమైనదేనా?

(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



సెల్‌ఫోను ద్వారా వస్తువులను తెప్పించుకొను అలవాటు నేడు మన గ్రామములకును వ్యాపించినది. వస్తువు ధర 100 రూపాయలని చూచి ముచ్చటపడినవారు, తపాలా, ప్యాకింగు ఖర్చుల పేరిట మరి 80 రూపాయలు అడిగినచో విస్తుపోవుదురు.

పెట్టె, కాగితము, కూలి, రవాణా: ఇవి నిజమైన ఖర్చులే. వానిని కోరుట అన్యాయము కాదు. వాని చాటున లాభమును దాచుటయే అన్యాయము.

ఈ ఎత్తు క్రొత్తది కాదు. అమెరికాకు చెందిన ఈబే అను ఇంటర్నెట్ వేలముల సంస్థ పూర్వము వస్తువు పలికిన ధరపైననే తన రుసుము తీసికొనెడిది. కొందరు అమ్మకందారులు ధర తగ్గించి, తపాలా ఖర్చు పెంచి, ఆ రుసుమును తప్పించుకొనిరి. 2011లో ఆ సంస్థ తపాలా ఖర్చును కూడ కలిపి రుసుము విధింపసాగినది.

మన దేశమున 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఇ-కామర్స్) నియమముల ప్రకారము అమ్మకందారులు మొత్తము ధరను ఒకే అంకెగా చూపి, అందు తపాలా, చేరవేత ఖర్చులను విడిగా తెలుపవలెను. మొదట దాచిన ఖర్చులను చివరకు బయటపెట్టుట 2023 నాటి మార్గదర్శక సూత్రములచే నిషేధింపబడినది. అయినను తపాలా ఖర్చు ఇన్ని రూపాయలకు మించరాదను హద్దు ఆ నియమములలో లేదు. కావున కొనువారే జాగ్రత్త వహింపవలెను.

ధరను గాక మొత్తమును చూడుడు. అదే వస్తువు మన సంతలోనో, పట్టణపు దుకాణములోనో ఎంతకు దొరకునో పోల్చుడు. వస్తువును తిరిగి పంపవలసి వచ్చినచో తపాలా ఖర్చు ఎవరిదో ముందే తెలిసికొనుడు. బిల్లును భద్రపరచుడు. మోసము జరిగినచో జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రమునకు 1915 సంఖ్యపై ఫోను చేయవచ్చును.

ఈ విషయములను గ్రామసభలో చదివి వినిపించి, పంచాయతీ నోటీసు బోర్డుపై వ్రాయించినచో, మీరు గ్రామస్థుల కష్టార్జితమును కాపాడినవారగుదురు.