పదిమందిలో పెట్టే ఫిర్యాదు



సామాజిక మాధ్యమాలలో వినియోగదారులు పెట్టే ఫిర్యాదుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యవర్గం వారు ఆదేశించారు. మనం ఉద్యోగ జీవితమంతా కౌంటరుకు లోపలివైపు కూర్చున్నవాళ్ళం. ఇప్పుడు బయటివైపు వరుసలో నిలబడుతున్నాం. రెండు వైపులా చూసినవాళ్ళం కనుక ఈ విషయంలో మనం చెప్పదగిన మాట ఒకటి ఉందని నా అభిప్రాయం. ఫేస్‌బుక్‌లోనో, ట్విట్టర్‌లోనో పెట్టే ఫిర్యాదు తలుపు తట్టడానికి పనికివస్తుంది. పని జరిపించేది మాత్రం చేతిలో రశీదు ఉన్న ఫిర్యాదే. ట్విట్టర్ పేరు 2023లో ఎక్స్ అని మారినా మనవాళ్ళ నోట పాత పేరే ఉంది కనుక నేనూ అలాగే అంటాను.

నలుగురిలో ఫిర్యాదు చేయడం మనకు కొత్త కాదు. కుళాయి రాకపోయినా, వీధి దీపం వెలగకపోయినా పోస్టు కార్డు మీద నాలుగు వాక్యాలు రాసి దినపత్రికకు పంపేవాళ్ళం. అది అచ్చయిన రోజున ఆ కత్తిరింపు పైఅధికారి బల్ల మీదికి చేరేది. "వెంటనే సంజాయిషీ ఇవ్వండి" అన్న రాతతో మన సెక్షనుకు దిగేది. ఆ కాగితం వస్తే మధ్యాహ్నం టీ కూడా సహించేది కాదని మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. అయితే అప్పుడు మధ్యలో సంపాదకుడు ఉండేవాడు. పేరు, చిరునామా అడిగేవాడు, దురుసు మాట ఉంటే కొట్టేసేవాడు. ఇప్పుడు ఆ పనీ మనమే చేసుకోవాలి.

ఈ పద్ధతికి ఎంత బలం ఉందో లోకానికి చూపినవాడు కెనడా దేశపు గాయకుడు డేవ్ కారల్. 2008 మార్చిలో ఆయన యునైటెడ్ ఎయిర్‌లైన్స్ విమానంలో ప్రయాణం చేయగా సామానులో వేసిన గిటారు విరిగింది. మరమ్మతుకు సుమారు 1,200 డాలర్లు అయింది. నిర్ణీత 24 గంటలలోపు క్లెయిము దాఖలు చేయలేదని కంపెనీ కాదన్నది. సుమారు తొమ్మిది నెలలు ఉత్తరాలు, ఫోన్లు నడిచాయి. చివరకు 2009 జూలైలో ఆయన ఆ కథను పాట కట్టి యూట్యూబ్‌లో పెట్టాడు. లక్షలాది మంది చూశారు. కంపెనీ దిగివచ్చింది.

ఈ కథలో మనం గమనించవలసినవి రెండు ఉన్నాయి. మొదటిది, ఆయన పాట కట్టింది తొమ్మిది నెలలు రాతకోతలు జరిపిన తరువాతే. తేదీలన్నీ ఆయన చేతిలో ఉన్నాయి. రెండవది, తన క్లెయిమును తిరస్కరించిన ఉద్యోగిని పేరు ఆ పాటలో వచ్చింది. పాట ప్రచారంలోకి వచ్చిన కొద్ది రోజులకే ఆయన, ఆమె మంచి ఉద్యోగి అని, కంపెనీ నిబంధన ప్రకారమే నడుచుకుందని చెప్పవలసి వచ్చింది. నిబంధన రాసినవాళ్ళు ఎక్కడో ఉంటారు. మాట పడేది కౌంటరులో ఉన్నవాళ్ళు. ఆ బాధ మనకంటే ఎక్కువగా ఎవరికి తెలుసు? అందుచేత ఏ గుమాస్తా ఫొటో తీసి పెట్టవద్దని, పేరు బజారులో పెట్టవద్దని నా మనవి. సంస్థ పేరు, శాఖ పేరు, తేదీ, జరిగిన సంగతి చాలు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందన్నారు పెద్దలు.

మన దేశంలో రైల్వేలు ఈ దారి పట్టిన సంగతి మీకు తెలిసిందే. 2014 నుండి 2017 వరకు సురేశ్ ప్రభు గారు రైల్వే మంత్రిగా ఉన్న కాలంలో ప్రయాణీకులు నడుస్తున్న రైల్లోంచే ట్విట్టర్‌లో రాసేవారు. పసిబిడ్డకు పాలు కావాలని రాస్తే తరువాతి స్టేషనులో అందించిన సందర్భాలు పత్రికలలో వచ్చాయి. సంతోషించదగిన విషయమే. కానీ అదే పెట్టెలో ఫోను లేని తల్లి ఉంటే? నోరున్నవాడిదే రాజ్యం కాకూడదు కదా. రైల్వేలకు ఇప్పుడు 139 నంబరు ఉంది. ఏ మామూలు ఫోను నుండి అయినా ఫిర్యాదు చేయవచ్చు.

ఈ సందర్భంలో మన సభ్యులొకరి అనుభవం చెబుతాను. ఆయన నవంబరులో బ్యాంకులో లైఫ్ సర్టిఫికెట్ ఇచ్చారు. అది కంప్యూటరులో ఎక్కలేదు. పెన్షను ఆగిపోయింది. రెండుసార్లు తిరిగిన తరువాత ఆయన ఉత్తరం రాసి, నకలు మీద బ్యాంకు ముద్ర, తేదీ వేయించుకున్నారు. వారం చూసి మనవడి చేత ట్విట్టర్‌లో మూడే వాక్యాలు పెట్టించారు. ఉత్తరం ఇచ్చిన తేదీ ఒకటి, పెన్షను పడలేదన్నది రెండు. మూడవది, "ఈ శాఖలో ఇలా ఆగిపోయిన పెన్షన్లు ఇంకెన్ని ఉన్నాయో దయచేసి చూడండి" అని. మర్నాడే ఫోను వచ్చింది. ముద్ర వేసిన నకలు చూపగానే మారుమాట లేకుండా పని జరిగింది. ఆ శాఖలో మరి ముగ్గురి పెన్షన్లు కూడా అలాగే ఆగి ఉన్నట్లు బయటపడింది. వాళ్ళలో ఒకామె చేతిలో మామూలు ఫోను కూడా లేదు. ఆ మూడవ వాక్యం వల్ల ఆమెకూ పెన్షను అందింది. ఫిర్యాదులో ఆ వాక్యం మరువవద్దని నేను కోరేది అందుకే.

ఇక ప్రమాదాల సంగతి. మనం ఫిర్యాదు పెట్టగానే మొదట చదివేది కంపెనీ కాకపోవచ్చు. మోసగాళ్ళు ఇలాంటి ఫిర్యాదుల కోసమే కాచుకొని ఉంటారు. కంపెనీ పేరు, గుర్తు పెట్టుకొని, "మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము, ఈ నంబరుకు ఫోను చేయండి" అంటారు. తరువాత ఒక లింకు పంపుతారు, లేదా ఏదో యాప్ వేసుకోమంటారు. ఓటీపీ చెప్పమంటారు. చెప్పామా, ఖాతా ఖాళీ. కనుక ఫోను నంబరు, ఖాతా నంబరు, పీపీఓ నంబరు, రైలు టిక్కెట్టు నంబరు, ఆధార్ వంటివేవీ నలుగురిలో పెట్టవద్దు. ఫోను నంబరు కావలసివస్తే పాసుబుక్కు మీద ఉన్నదే చూసుకోవాలి. పొరపాటున డబ్బు పోతే సిగ్గుపడి ఊరుకోకుండా వెంటనే 1930కి ఫోను చేయాలి. ఆలస్యమయిన కొద్దీ డబ్బు చేతులు మారిపోతుంది.

చట్టం సంగతి కూడా చెప్పాలి. ఐటీ చట్టంలోని 66ఏ సెక్షనును సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టివేసింది. అలాగని ఏమైనా రాయవచ్చని కాదు. పరువు నష్టం భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను కింద నేరమే. "దొంగ కంపెనీ" అని రాసే బదులు "ఫలానా తేదీన డబ్బు కట్టాను, ఈనాటికీ సరుకు అందలేదు" అని రాయండి. నిజానికి రుజువు ఉంటుంది. తిట్టుకు రుజువు ఉండదు.

మరొక ముఖ్య విషయం. ట్విట్టర్‌లో ఎంత రాసినా గడువు మన కోసం ఆగదు. వినియోగదారుల కమిషనుకు వివాదం తలెత్తిన రెండేళ్ళలోపు వెళ్ళాలి. 2020 జూలై 20 నుండి అమలులోకి వచ్చిన కొత్త చట్టం ప్రకారం మనం ఉంటున్న ఊరి జిల్లా కమిషనులోనే వేయవచ్చు. చెల్లించిన ధర అయిదు లక్షల వరకు అయితే ఫీజు లేదు. కమిషను దాకా పోకముందే 1915 నంబరుకు చెప్పి నమోదు చేయించవచ్చు. బ్యాంకు విషయమైతే ముందు బ్యాంకుకే రాయాలి. 30 రోజులలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేసుకోవచ్చు. ఈ చోట్లలో ఎక్కడా మన ట్వీటుకు ఎందరు తలలూపారని అడగరు. రశీదు ఏదని అడుగుతారు.

అడగందే అమ్మయినా పెట్టదు. అడగడం రానివారి తరఫున అడగడం సంఘం పని. కనుక ప్రతి నెలా సమావేశంలో అరగంట కేటాయించి, ఫోను వాడడం తెలిసిన ఇద్దరు సభ్యులు తక్కిన వారి ఫిర్యాదులు రాసిపెట్టాలని, వాటికి ఇన్‌వార్డు రిజిస్టరు ఒకటి సంఘంలోనే ఉంచాలని ప్రతిపాదిస్తున్నాను. రిజిస్టరు నడపడం మనకెవరూ నేర్పనక్కరలేదు.